రాళ్లు ఊడదీసే ముందు నగను ఒకసారి తిరగేయండి

ప్రశ్న: మా నాయనమ్మ నగల పెట్టె ఈమధ్యే నా చేతికి వచ్చింది. అందులో మూడు వస్తువులున్నాయి. ఒకటి ఎర్రరాయి ఉంగరం, రాయికి అటూ ఇటూ చిన్న వజ్రాలు. లోపలి వైపు ‘15’ అనీ, ‘.625’ అనీ ముద్ర ఉంది. రెండోది పూలకొమ్మ ఆకారంలో ఉన్న బ్రోచ్, నిండా వజ్రాలే. ముందువైపు వెండి నల్లబడిపోయింది, వెనకవైపు మాత్రం పసుపుగా ఉంది. మూడోది పచ్చ పొదిగిన లాకెట్టు. దీన్ని నలభై ఏళ్ల కిందట చేయించారని ఇంట్లో అందరికీ తెలుసు. మా అమ్మాయికి ఇరవై మూడేళ్లు. ‘ఇలాంటివి ఇప్పుడెవరు పెట్టుకుంటారు? రాళ్లు తీయించి తేలికగా ఉండే కొత్త నగలు చేయిద్దాం’ అంటోంది. ఒక వ్యాపారి ఉంగరాన్ని రెండు నిమిషాలు చూసి, లోపల బుడగలున్నాయి, రాయి నకిలీ, బంగారం బరువుకు లెక్క కడతానన్నారు. బ్రోచ్‌లోని వజ్రాలకు నడిమధ్య చిల్లి ఉందని, వాటికీ విలువ లేదని చెప్పారు. ఇంకొకరు అదే ఉంగరం చూసి, పాతకాలం కెంపు, ఎవరికీ ఇవ్వకండి అన్నారు. ఎవరి మాట నమ్మాలి? రాళ్లు తీయించమంటారా? ఇంకొక చిన్న సంగతి: బ్రోచ్ వెనక సూదితో గీకినట్టు ఏవో అంకెలున్నాయి. మెరుగు పెట్టిస్తే పోతాయా?

జవాబు: ముందు తేలికైన సమాధానం చెప్పేస్తాను. పచ్చ లాకెట్టును మీ అమ్మాయి ఇష్టం వచ్చినట్టు మార్పించుకోవచ్చు. బ్రోచ్ జోలికి మాత్రం ఎవరినీ పోనివ్వకండి. ఉంగరం సంగతి ఆ రాయి ఏమిటో తేలాక చూద్దాం. అది తేలేవరకు రాయిని గూటిలోంచి కదపనివ్వవద్దు.

మీరు కలిసిన ఇద్దరు వ్యాపారులూ రాయినే చూశారు. వాళ్లలో ఒక్కరైనా ఉంగరాన్ని తిరగేసి చూశారా అని నా అనుమానం. పాత నగ కథంతా వెనకవైపే ఉంటుంది. ముందువైపు చూసేవాళ్ల కోసం చేసింది. వెనకవైపు పనివాడు తన కోసం చేసుకున్నది: ఎక్కడ టంకం పెట్టాడు, ఏ లోహం మీద ఏ లోహం అతికాడు, పిన్ను ఎలా తగిలించాడు, తర్వాత ఎవరు వచ్చి ఎక్కడ అతుకు వేశారు, అన్నీ అక్కడే కనిపిస్తాయి. రాయిని ఊడదీసిన మరుక్షణం ఆ సాక్ష్యం సగం పోతుంది. అప్పుడు మీ చేతిలో మిగిలేది పుట్టుపూర్వోత్తరాలు తెలియని ఒక రాయి, కరిగించడానికి పనికొచ్చే కొంత బంగారం.

ఉంగరం మీది ముద్రనే తీసుకోండి. పదిహేనును ఇరవై నాలుగుతో భాగిస్తే 0.625 వస్తుంది. అంటే అది 15 క్యారెట్ల బంగారం. (బంగారానికి క్యారెట్ అంటే స్వచ్ఛత, రాయికి క్యారెట్ అంటే బరువు, 0.2 గ్రాములు. ఈ రెండూ కలిపేసి తికమకపడని పాఠకుడు నాకింతవరకు తగల్లేదు.) బ్రిటన్‌లో 15 క్యారెట్ల ముద్ర 1854లో మొదలైంది, 1932లో రద్దయింది. కాబట్టి మీ ఉంగరం పట్టీ ఆ డెబ్బై ఎనిమిదేళ్ల మధ్య తయారై ఉండే అవకాశం చాలా ఎక్కువ. పట్టీ వయసు తెలిసింది కదా అని రాయి వయసూ అదే అనుకోకూడదు, రాళ్లు మారుస్తుంటారు. గూటికీ రాయికీ మధ్య సందు ఉందా, రాయిని పట్టుకున్న గోళ్లు మిగతా పనికంటే కొత్తగా, నున్నగా ఉన్నాయా, ఒకపక్క టంకం రంగు తేడాగా ఉందా చూడండి. ఇవేమీ లేకపోతే రాయి మొదటినుంచీ అక్కడే ఉన్నట్టు లెక్క.

ఇక ‘నకిలీ’ అన్న మాట దగ్గరికి వద్దాం. నాకు నచ్చని మాటల్లో అదొకటి. ఆ వ్యాపారి బుడగలు చూశానన్నారు. చూసే ఉంటారు. అయితే బుడగలు గాజులోనే కాదు, కృత్రిమ కెంపులోనూ ఉంటాయి. ఈ రెండూ వేర్వేరు వస్తువులు. ఫ్రాన్స్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త ఆగస్ట్ వెర్నాయ్ 1902లో తన పద్ధతిని ప్రకటించారు. అల్యూమినియం ఆక్సైడ్ పొడిని ఆక్సిజన్, హైడ్రోజన్ మంటలోంచి జల్లితే, కరిగిన బొట్లు కింద ఒకదాని మీద ఒకటి పేరుకుని నిలువుగా పెరుగుతాయి. పొడిలో కాస్త క్రోమియం కలిపితే ఎరుపు. అలా తయారైన దాని రసాయనమూ, గట్టిదనమూ గనిలో దొరికే కెంపువే. కెంపు కాదనడానికి లేదు, కాకపోతే భూమి చేసినది కాదు. అప్పట్లో అదొక వింత. వజ్రాల పక్కన, మేలైన పనితనంతో, ఆ కృత్రిమ కెంపులను తెలిసే పొదిగిన ఉంగరాలు బోలెడన్ని ఉన్నాయి. తెలియక కొని మోసపోయినవారూ ఉన్నారు. మీ ఉంగరం 1902 తర్వాతదైతే, అందులో వెర్నాయ్ కెంపు ఉండటం ఆ ఉంగరానికి అవమానమేమీ కాదు. పాతది కాబట్టి రాయి సహజమే అయి ఉండాలన్న రెండో వ్యాపారి మాట కూడా ఇక్కడ నిలబడదు.

ఈ తేడా మీరే చూడవచ్చు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం సంపాదించండి. తెల్ల కాగితం వెనక దీపం పెట్టి, ఆ మెత్తటి వెలుగుకు ఉంగరాన్ని ఎదురుగా పట్టుకుని, మెల్లమెల్లగా తిప్పుతూ రాయి లోపలికి చూడండి. మొదట్లో ఏమీ కనిపించదు, కళ్లు అలవాటుపడాలి. కాసేపటికి సన్నని గీతలు తోస్తాయి. అవి గ్రామఫోను రికార్డు మీది గాడుల్లా ఒకే వంపులో సాగిపోతుంటే అది వెర్నాయ్ రాయి. మంట కింద కరిగిన పొర గుండ్రటి నెత్తి మీద పేరుకుంటూ పెరిగింది కాబట్టి ప్రతి పొరా వంపు తిరిగే ఉంటుంది. గనిలోని కెంపు ఆరు ముఖాల స్ఫటికంగా పెరుగుతుంది. దాని గీతలు తిన్నగా ఉండి, కోణం తీసుకుని మలుపు తిరుగుతాయి. వాటితోపాటు, అడ్డదిడ్డంగా కాకుండా మూడు దిక్కులకు వరుసగా పరుచుకున్న, పట్టుదారాల్లాంటి సన్నని సూదులు కనిపిస్తే మీ గుండె కాస్త వేగంగా కొట్టుకోవచ్చు. తప్పులేదు.

గాజైతే వందేళ్లు చేతికి ఉన్న రాయి అంచులు అరిగి మొద్దుబారి, పైపలక నిండా గీతలు పడి ఉండాలి. గాలిలోని మామూలు దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, అవి గాజుకంటే గట్టివి. కెంపు కాఠిన్యం మోస్ కొలమానంలో 9, గాజుది ఐదున్నర దగ్గర. మీ రాయి పలకల అంచులు ఇంకా కత్తి మొనల్లా ఉంటే గాజు మాట మరిచిపోండి.

ఇంకొక కిటుకు. ఉంగరాన్ని తెల్ల కాగితం మీద బోర్లించండి, రాయి పైపలక కాగితానికి ఆనాలి. పక్కనుంచి చూస్తే రాయి చుట్టంచున ఎర్రటి వలయం విడిగా కనిపిస్తోందా? అలా అయితే అది అతుకురాయి, డబ్లెట్ అంటారు. పందొమ్మిదో శతాబ్దపు మధ్యనుంచి, వెర్నాయ్ రాళ్లు వచ్చి గిరాకీ తగ్గించేవరకు వీటిని కుప్పలుగా చేశారు. పైన గార్నెట్ అనే సహజమైన ఎర్రరాయి పల్చటి పొర, కింద రంగు గాజు, రెండూ వేడితో అతికినవి. ఎర్రరాయిలో ఈ వలయాన్ని పోల్చుకోవడం కష్టం, కింది గాజు నీలమో పచ్చో అయితే చిటికెలో పట్టేయవచ్చు. పైపలకను వాలుగా పట్టుకుని చూస్తే గార్నెట్ మెరుపు ఆగిపోయి గాజు మెరుపు మొదలయ్యే గీత ఒకటి దొరుకుతుంది, ఎర్రరాయికి అదే నమ్మకమైన గుర్తు.

నాలుగో అవకాశం స్పైనెల్, కెంపులాగే కనిపించే వేరే సహజ రత్నం. దీన్ని తక్కువగా చూడకండి. బ్రిటిష్ రాజకిరీటం ముందువైపు నిలువునా మెరిసే ‘బ్లాక్ ప్రిన్స్ రూబీ’ అసలు రూబీయే కాదు, స్పైనెలే. రెండూ వేర్వేరు ఖనిజాలని పద్దెనిమిదో శతాబ్దం చివర్లో గానీ శాస్త్రం తేల్చుకోలేకపోయింది. అప్పటివరకు రాజులూ రాణులూ కూడా ఎర్రనివన్నీ కెంపులనే నమ్మారు. మీ నాయనమ్మ నమ్మితే తప్పేముంది? కెంపు వక్రీభవన గుణకం, అంటే రాయి వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె, 1.76 నుంచి 1.77, స్పైనెల్‌ది 1.718. కొలిచే పరికరం ఉన్న రత్నపరీక్షకులు ఒక్క నిమిషంలో తేల్చేస్తారు, రాయిని గూటిలోంచి తీయాల్సిన పనే లేదు.

కాబట్టి చేయవలసింది ఇది. నగలు కొనే వ్యాపారం లేని రత్నపరీక్షా కేంద్రానికి ఉంగరాన్ని ఉన్నదున్నట్టుగా తీసుకెళ్లి, రాయి ఏమిటో గుర్తించి రాసివ్వమనండి. ‘సహజమా, కృత్రిమమా, వేడి చేసిన గుర్తులున్నాయా’ అన్న మూడింటికీ జవాబు కావాలి. రాయి గూటిలో ఉన్నందువల్ల బరువు మాత్రం అంచనాగానే వేస్తారు, అది మామూలే. సహజమైన కెంపు అని తేలి, వేడి చేసిన గుర్తులు లేవని కూడా వస్తే, అప్పుడు దాని పుట్టుకచోటు గురించి పెద్ద ప్రయోగశాలను అడగడానికి ఖర్చు పెట్టవచ్చు. న్యూయార్క్, కార్ల్స్‌బాడ్‌లలో ఉన్న జీఐఏ, బాసెల్‌లోని ఎస్‌ఎస్‌ఈఎఫ్, లుసెర్న్‌లోని గూబెలిన్ ఈ పనికి పేరుపడ్డవి. ఇప్పుడు బజారుకు వచ్చే కెంపుల్లో అధికభాగం రంగు తేలడానికి కొలిమిలో కాల్చినవే. పాత నగలో ఎవరూ తాకని రాయి దొరికితే అందుకే అంత విలువ. అది కెంపులకు పేరుమోసిన బర్మాలోని మొగోక్ గనులదని రాసివచ్చిందంటే మీరే మళ్లీ నాకు ఉత్తరం రాస్తారు. ఆ పరీక్షకు ముందే ఎవరో ‘కాస్త మెరుగు పెడతాను’ అని మంట దగ్గర కూర్చుంటే ఆ అవకాశం అక్కడితో సరి.

రాయి కృత్రిమమని వచ్చినా ఉంగరాన్ని విడదీయకండి. ఆ కాలపు బంగారం, ఆ కాలపు వజ్రాలు, ఆ కాలపు రాయి, మూడూ కలిసి ఉన్నంతకాలం అదొక వస్తువు. విడదీస్తే కృత్రిమ కెంపుకు దాదాపు విలువ ఉండదు, బంగారం తూకానికి పోతుంది, చిన్న వజ్రాలను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

బ్రోచ్ గురించి. ఉత్తరం చదువుతూ నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నది ఇక్కడే. ‘వజ్రాల నడిమధ్య చిల్లి’ అన్నారు కదా, అది చిల్లి కాదు. వజ్రం అడుగున మొన ఉంటుంది. ఇప్పటి కోతలో ఆ మొనను సూదిలా వదిలేస్తారు. పాత కోతలో మొన విరిగిపోకుండా అక్కడ కూడా ఒక చిన్న పలకను చదునుగా కోసేవారు. పైనుంచి చూసినప్పుడు వెలుగు ఆ చదును పలకలోంచి కిందికి జారిపోతుంది, వెనక్కి తిరిగిరాదు. అందుకని మనకు నడిమధ్య గుండ్రటి నల్లచుక్క, చిల్లిలాంటిది కనిపిస్తుంది. అది లోపం కాదు. ఆ వజ్రాన్ని చేతి అంచనాతో సానబెట్టారనడానికి సంతకం.

పైపలక చిన్నదిగా, పైభాగం ఎత్తుగా, చుట్టుకొలత గుండ్రటి మూలల చతురస్రంలా ఉంటే దాన్ని ఓల్డ్ మైన్ కట్ అంటారు. గుండ్రంగా ఉంటే ఓల్డ్ యూరోపియన్. ఇప్పుడు మనం చూసే గుండ్రటి వజ్రాల కోణాల లెక్కను మార్సెల్ టోల్కోవ్‌స్కీ 1919లో పుస్తకంగా రాశారు, ఆ తర్వాతే కోత ఒక గణితంగా మారింది. అంతకుముందు పనివాడు స్ఫటికం ఆకారాన్నే అనుసరించి, బరువు పోకుండా చూసుకుంటూ కోసేవాడు. ఆ రాళ్లు దుకాణాల్లోని తెల్లటి దీపాల కింద కాస్త మందంగా కనిపిస్తాయి. రాత్రి ఒక కొవ్వొత్తి వెలిగించి మీ బ్రోచ్‌ను దాని ముందు కదిలించి చూడండి. చిన్నచిన్న మిణుకులు కాదు, వెడల్పైన రంగురంగుల ముక్కలు ఒక్కొక్కటిగా వెలిగి ఆరుతాయి. అవి ఆ వెలుగు కోసం చేసిన రాళ్లు. మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. నేను వాదించి ఒప్పించలేనిది ఆ కొవ్వొత్తి ఒప్పించవచ్చు.

ముందు వెండి, వెనక బంగారం ఎందుకంటే, పసుపు లోహంలో పొదిగితే వజ్రంలో పసుపు ఛాయ కనిపిస్తుంది. వెండి ఒక్కటే అయితే నల్లబడి బట్టకు మరకలు అంటుతాయి. అందుకని ముందుకు వెండి, వెనక్కు బంగారం. ప్లాటినం అప్పటికే తెలిసినా, అది కరగాలంటే 1,768 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి, వెండికి 962 చాలు. అంత వేడి మంట పనివాళ్ల బల్ల మీదికి వచ్చాక, ఇరవయ్యో శతాబ్దపు మొదటి ఏళ్లలో, వజ్రాల పనిలో వెండి చోటును ప్లాటినం తీసుకుంది. కాబట్టి మీ బ్రోచ్ పందొమ్మిదో శతాబ్దానిది కావచ్చు. పిన్ను బ్రోచ్ అంచు దాటి కాస్త బయటికి పొడుచుకువచ్చి, తాళంలాంటిదేమీ లేని ఉత్త కొక్కెంలో ఇరుక్కుంటుంటే ఆ అనుమానం బలపడుతుంది. ఇదే పద్ధతిలో ఈనాటికీ కొత్తగా చేసి పాతవని అమ్మేవాళ్లు లేకపోలేదు. ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పకండి. లోహం, కోత, పిన్ను మూడూ ఒకే మాట చెప్పాలి.

ఈ సందర్భంలో ఒక ముచ్చట. ‘వందేళ్ల నాటి’ ఉంగరమని ఒకరు నాకు గర్వంగా చూపించారు. నడుమ ఊదా నీలం రంగులో అందమైన టాంజనైట్. ఆ రాయి టాంజానియాలో బయటపడింది 1967లో. ఆయనకు ఆ సంగతి చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది.

ఇలాంటి బ్రోచ్‌లోంచి వజ్రాలు తీసి కొత్త నగలో పెట్టించాలనుకున్నవాళ్లకు తర్వాత వచ్చే సలహా ‘వీటిని తిరిగి సానబెట్టిద్దాం, ఇంకా మెరుస్తాయి’ అని. మెరుస్తాయి నిజమే, బరువు పోతుంది. కోహినూర్‌ను 1852లో తిరిగి కోసినప్పుడు, ఇప్పటి లెక్కలో సుమారు 191 క్యారెట్లది 105.6 క్యారెట్లకు దిగింది. ఈమధ్య కాలంలో విట్టెల్స్‌బాక్ నీలివజ్రాన్ని కొన్న వ్యాపారి, అంచుల్లోని గంట్లు పోవడానికని కోయించి 35.56 క్యారెట్ల నుంచి 31.06కు తెచ్చారు. రంగు, స్వచ్ఛత మెరుగయ్యాయి. అయినా పాత చిత్రపటానికి కొత్త రంగులు పూసినట్టయిందని గొడవ ఇప్పటికీ సద్దుమణగలేదు. మీ బ్రోచ్‌లోవి ఆ స్థాయి వజ్రాలు కావు, అందుకే ఇంకా నష్టం: చిన్న రాయి నాలుగో వంతు బరువు కోల్పోతే మిగిలేదానికి మామూలు కొత్త వజ్రాల ధరే వస్తుంది. ఇవాళ కొందరు నగల రూపకర్తలు ఏరికోరి పాత కోత వజ్రాలనే వెతికి తెచ్చుకుంటున్నారు, అడుగు చదునుగా ఉండే రోజ్ కట్ అనే పాత కోతను కొత్త రాళ్ల మీద మళ్లీ కోయిస్తున్నారు. చేతిలో ఉన్నదాన్ని చెరిపేసి, రేపు అదే కావాలనుకోవడం ఎందుకు?

నల్లబడ్డ వెండి గురించి మీ అమ్మాయికి ఒక మాట. జేఏఆర్ పేరుతో పారిస్‌లో నగలు చేసే జోయెల్ ఆర్థర్ రోసెంథాల్ పనిని 2013లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు పెట్టింది. రాళ్ల రంగు ఎగదన్ని కనిపించాలని ఆయన లోహాన్ని కావాలనే నల్లగా చేస్తారు. మీ నాయనమ్మ బ్రోచ్‌కు కాలం ఆ పనిని ఉచితంగా చేసిపెట్టింది. దాన్ని తళతళలాడేలా తోమించవద్దు.

తొడుక్కోవడమే కష్టమైతే దానికి విరుగుడు ఉంది. పిన్నుకు తొడిగే చిన్న గొట్టంలాంటి లూపు దొరుకుతుంది, దానికి గొలుసు ఎక్కిస్తే బ్రోచే లాకెట్టవుతుంది. టంకం అక్కర్లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయవచ్చు. ఇదేమీ కొత్త తెలివి కాదు. పందొమ్మిదో శతాబ్దంలో తలపై పెట్టుకునే టియారాను విడదీసి బ్రోచ్‌లుగా, లాకెట్లుగా వాడుకునేలా మరలతో చేసేవారు. మీ బ్రోచ్ వెనక చిన్న మర గాడి ఉన్న రంధ్రం ఏదైనా కనిపిస్తే, అది ఒకప్పుడు ఇంకా పెద్ద నగలో భాగమై ఉండవచ్చు.

ఇంట్లో శుభ్రం చేయాలనుకుంటే పొడి మెత్తటి బ్రష్షు చాలు. నీళ్లలో ముంచకండి. ఈ మాట నా అనుభవంతో చెబుతున్నాను. పనిలో కొత్తగా ఉన్న రోజుల్లో, వెనక మూసి ఉన్న పాత కమ్మల జతను సబ్బునీళ్లలో వేశాను. వెనక మూసిన గూళ్లలో రాయి కింద మెరుపు కోసం పల్చటి లోహపు రేకు పెట్టేవారని చదివి ఉన్నాను, ఆ క్షణానికి గుర్తు రాలేదు. సన్నని సందులోంచి తడి లోపలికి పోయింది. బయటికి తీసేసరికి గులాబీ రంగు రాళ్లలో ఒకటి బురదనీటి చుక్కలా ఉంది. రాయి బాగానే ఉంది, కింద రేకు చచ్చిపోయింది. దాన్ని తిరిగి బతికించే దారి లేదు. ఆ జతను నాకు నమ్మి ఇచ్చినావిడ ఒక్కమాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధ. మీ బ్రోచ్‌లో రాళ్ల వెనక రంధ్రాలు తెరిచి ఉంటే ఈ భయం తక్కువ. అయినా ఒకట్రెండు గూళ్లు మూసి ఉన్నాయేమో చూసుకోండి.

ఇక పచ్చ లాకెట్టు. నలభై ఏళ్ల నాటి గూటికి చరిత్ర విలువ పెద్దగా లేదు, మీ అమ్మాయి సరదా ఇక్కడ తీర్చండి. రెండు జాగ్రత్తలు చాలు. పచ్చలో సహజంగానే నెర్రెలుంటాయి, పాచిపట్టిన కొలనులోకి చూసినట్టుంటుంది. వాటిని కనిపించకుండా చేయడానికి రంగులేని నూనె, తరచుగా సెడార్ నూనె, పట్టించడం మామూలు, అందరికీ తెలిసిన పద్ధతి. నగల కొట్లలో కంపనాలతో శుభ్రం చేసే తొట్టి ఉంటుంది. పచ్చను అందులో వేస్తే నూనె బయటికి వచ్చి, నెర్రెలు తెల్లగా తేలతాయి, ఒక్కోసారి రాయే విడుతుంది. అదీ, ఆవిరీ రెండూ వద్దని పనివారికి ముందే చెప్పండి. మంటతో ఏ పని చేసినా రాయిని ముందు బయటికి తీసి పక్కన పెట్టాకే చేయాలి.

రూపం విషయంలో నా అభిప్రాయం: ఈ పచ్చను ఉంగరంగా కాకుండా లాకెట్టుగానే ఉంచండి. ఉంగరం రోజుకు ఎన్నిసార్లు తలుపుకూ బల్లకూ తగులుతుందో లెక్కపెట్టి చూడండి. రాయి చుట్టూ సన్నని గట్టు కట్టి పొదిగితే అంచులకు రక్షణ, చూడటానికీ ఇప్పటి పద్ధతిలో శుభ్రంగా ఉంటుంది. రెండు లోహపు అంచుల ఒత్తిడి మధ్య రాయి గాలిలో తేలినట్టు ఉండే టెన్షన్ పొదుగు మీ అమ్మాయికి నచ్చవచ్చు. వజ్రానికి, కెంపుకు, నీలానికి అది సరే, పచ్చ ఆ ఒత్తిడికి తట్టుకోదు. పక్కన చిన్న వజ్రాలు పెట్టించాలనుకుంటే ప్రయోగశాలలో పెంచినవి పెట్టించుకోవడంలో తప్పులేదు, అవీ వజ్రాలే. బిల్లులో ఆ మాట రాయించుకోండి చాలు. వాటిని మాత్రం బ్రోచ్‌లో రాలిన రాయి స్థానంలో పెట్టనివ్వకండి. అక్కడ పాత కోత రాయే వెతకాలి, దొరక్కపోతే ఖాళీగా ఉన్నా నష్టం లేదు.

ఏ నగనైనా చేతికి ఇచ్చేముందు ముందూ వెనకా ఫోటోలు తీయండి, రాళ్లు లెక్కపెట్టండి, తూకం వేయించి రసీదు మీద రాయించండి. ఉంగరం రసీదు మీద ‘రాయి తీయరాదు’ అని వాళ్ల చేతే రాయించండి, మొహమాటపడకండి. వెలకట్టే పత్రం తీసుకునేటప్పుడు అది దేనికో చెప్పి తీసుకోండి. బీమా కోసం రాసే వెల అంటే అలాంటిది మళ్లీ కొనాలంటే అయ్యే ఖర్చు. మీరు అమ్మబోతే చేతికొచ్చేది అందులో ఎంతో తక్కువ ఉంటుంది. కొనబోయేవారితోనే వెల కట్టించుకోవడం గురించి నేను వేరే చెప్పాలా? మీ మొదటి వ్యాపారి రెండు నిమిషాల్లో తేల్చడానికి కారణం అదే కావచ్చు.

మిగిలింది మీరు చివర్లో అడిగిన అంకెలు. మెరుగు పెట్టిస్తే పోతాయి, అందుకే పెట్టించకండి. నగల దుకాణాలు సరుకు లెక్కకూ, మరమ్మతు చేసేవాళ్లు ఎవరి నగో గుర్తుండటానికీ వెనకవైపు ఇలా సూదితో అంకెలు గీసేవారు. కొన్ని పాత సంస్థలు ఆనాటి ఖాతా పుస్తకాలను ఇప్పటికీ దాచుకున్నాయి. అంకె దొరికితే నగ చేసిన ఏడు తెలిసిన సందర్భాలున్నాయి. వాలుగా వెలుగు పడేలా పట్టుకుని దగ్గరగా ఫోటో తీసి పంపండి. ఒకే చేతిరాతలో ఉన్నాయా, వేర్వేరు చేతుల్లో ఉన్నాయా చూడండి. వేర్వేరుగా ఉంటే బ్రోచ్ ఒకటికంటే ఎక్కువసార్లు ఇల్లు దాటి వెళ్లి వచ్చిందన్నమాట. ఒకటి మరమ్మతుకు కావచ్చు. ఇలాంటి అంకెలు తాకట్టు దుకాణాలవాళ్లు కూడా గీసేవారు. అదే నిజమైతే, మీ నాయనమ్మ ఎప్పుడో ఒక గడ్డు నెలలో దాన్ని కుదువ పెట్టి, ఎవరికీ తెలియకుండా విడిపించుకుని, మళ్లీ పెట్టెలో పెట్టి ఊరుకుంది.